పదకొండు గ్రాముల తేడా

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లున్నాయనగా, ఒక జూన్ నెలలో నన్ను సాలూరుకు వేశారు. అప్పటికి వాహనాల రూపకల్పనలో నాకు ముప్పై ఏళ్లు దాటాయి. హోదా సీనియర్ వెయిట్ ఇంజనీరు. ఇలాంటి ఉద్యోగం ఒకటుంటుందని చాలామందికి తెలియదు. మా బంధువుల్లో కొందరు నేను తూనికలు కొలతల శాఖలో చేశానని ఇప్పటికీ అనుకుంటున్నారు. కొత్త బండి తయారవుతున్నప్పుడు అందులోకి వెళ్లే ప్రతి ముక్కనూ, బోల్టు దగ్గర్నుంచి సీటు దాకా, తూచి పట్టికలో ఎక్కించడం నా పని. ఉండవలసిన బరువుకి ఒక గడి, అసలు బరువుకి ఒక గడి, తేడాకి ఒక గడి, ఆ తేడాకు కారణం రాయడానికి ఒక గడి. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ చివరి గడిలో నేను రాసిన ఒక్క మాట గురించి.

మా సంస్థ చిన్నది. తలపెట్టిన బండి మాత్రం గట్టిది. ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు, మొత్తం బరువు ఆరు వందల యాభై కిలోలు దాటకూడదు. బజార్లో తిరిగే మామూలు చిన్న కారు కూడా ఇంతకంటే బరువుంటుంది. వేగం కావాలంటే పెద్ద ఇంజను పెట్టొచ్చు కదా అని అడుగుతారు. పెద్ద ఇంజను సూటి రోడ్డు మీద పనికొస్తుంది. బరువు తీసేసిన బండి వేగం అందుకోవడంలోనూ, మలుపులోనూ, ఆగడంలోనూ కూడా మెరుగ్గా ఉంటుంది. అందుకని పలచని ఉక్కు గొట్టాలతో పంజరం అల్లి, దానిమీద కార్బన్ రేకులు తొడిగే పద్ధతి ఎంచుకున్నాం. మాది పొందూరు. మా అమ్మ నూలు వడికేది. సన్నగా తీయడం ఎవరికైనా వస్తుంది, తెగకుండా సన్నగా తీయాలి అనేది. నా ఉద్యోగమంతా ఆ మాటలోనే ఉందని తర్వాత్తర్వాత అర్థమైంది.

ఈ పనిలో భయం జీతంతో పాటు వస్తుంది. తీసేసిన ప్రతి గ్రామూ ఎక్కడో ఒకచోట భద్రత కోసం అట్టేపెట్టిన లోహంలోంచి తీసినదే. లెక్కలు సరిగా ఉన్నాయని తెలుసు, మూడుసార్లు సరిచూసుకున్నామని తెలుసు, అయినా బండి కదిలినప్పుడల్లా ఏది తెగుతుందోనని చక్రాల వైపే చూసేదాన్ని. ఆ భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి నేను పైకి కటువుగా ఉండేదాన్ని. షెడ్డులో నాకు త్రాసమ్మ అని పేరు పెట్టారు. టీలో పంచదార కూడా తూచుకుని తాగుతానని పుకారు పుట్టించారు. నేను ఖండించలేదు.

సాలూరునే ఎందుకు ఎంచుకున్నారంటే, అక్కడ లారీ లేని వీధి లేదు, లారీ బాడీ కట్టగలిగిన చేతులకు కొదవ లేదు. మా హెడ్ వెల్డరు తవిటినాయుడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పొట్టిగా, భుజం మీద ఎప్పుడూ ఒక ఎర్రంచు తువ్వాలు. కుర్రతనంలో లారీ క్లీనరుగా ఒడిశా వైపు ఘాటీ, అంటే కొండ రోడ్డు, ఎక్కి దిగాడు, తర్వాత డ్రైవరయ్యాడు, నడుం పట్టేశాక వెల్డింగులోకి వచ్చాడు. ఆర్గాన్ గ్యాసుతో చేసే సన్న వెల్డింగు మా దగ్గరే నేర్చుకున్నాడు. ఆరునెలల్లో, నేను పూర్వం పనిచేసిన పెద్ద ఫ్యాక్టరీలో కూడా చూడనంత సన్నటి కుట్టు వేసేవాడు.

ఆయనకూ నాకూ మధ్య ఒకే నియమం. డ్రాయింగులో ఉన్నది వెయ్యాలి, లేనిది వెయ్యకూడదు. ఒకసారి ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తూ ఆయన అడిగాడు. "ఏటి మేడమ్, మా ఇంటి సైకిలు గొట్టం దీనికన్నా మందం ఉంటాది. ఇది ఆగతాదేటి?" నేను "లెక్క కట్టాం, ఆగుతుంది" అన్నాను. అంతే. ఆ లెక్క ఏమిటో, ఆ గొట్టం ఎందుకు ఆగుతుందో, ఏం చేస్తే ఆగదో చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు నేను ఇవ్వలేదు. పనివాడికి లెక్కలెందుకన్న పొగరు నాలో ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

టెస్ట్ డ్రైవరు రమణ ఆయనకు మేనల్లుడు, పైగా అల్లుడు కూడా. లారీల ఇంట్లో పుట్టిన పిల్లాడు. పదేళ్లు ఘాటీ మీద లారీ నడిపాడు. అతని చేతిలో నేర్పు చూసి మా సంస్థే బయటికి పంపి వేగపు బండ్లు నడపడంలో శిక్షణ ఇప్పించింది. తక్కువ మాట్లాడేవాడు. బండి దిగాక "ముందు ఎడంపక్క కొంచెం తేలతంది" అన్నాడంటే మా కొలతల యంత్రాలు కూడా కాసేపయ్యాక అదే చెప్పేవి.

కార్తీకం వెళ్లేసరికి మొదటి బండి పంజరం సిద్ధమైంది. పైన రేకులు ఇంకా తొడగలేదు. ఒకరోజు సాయంత్రం తవిటినాయుడి కూతురు గౌరి, రమణ భార్య, తండ్రికి కారియర్ తెచ్చి, ఆ పంజరం చుట్టూ ఒకసారి తిరిగింది. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. ఆ పిల్ల తండ్రిని అడిగిన మాట నాకు వినిపించింది. "ఈ సువ్వల మజ్జినేటి నాన్నా, బావని కూకోబెడతారు? తలుపైనా నేదు." తవిటినాయుడు "రేకులేస్తారే, ఇంకా అవనేదు" అన్నాడు. గౌరి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలా చూస్తూ నిలబడింది. నేను కళ్లజోడు సవరించుకుని పట్టికలోకి తల వంచేశాను. ధైర్యం చెప్పడం నా పని కాదనుకున్నాను.

ముందు చక్రాల కింది ఆర్మ్‌ల గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే రెండు కాళ్ల గొట్టపు చట్రం అది. బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుకు దూకుతుంది, రోడ్డు చక్రాన్ని వెనక్కి లాగుతుంది. అప్పుడు కింది ఆర్మ్‌లోని ముందు గొట్టం సాగదీసినట్టవుతుంది. బండి మొత్తంలో అంత లాగుడు తట్టుకునే ముక్క మరొకటి లేదు. గొట్టం మందం మిల్లీమీటరున్నర. అందుకే ఆ రెండు ఆర్మ్‌లకు ప్రత్యేక పద్ధతి పెట్టాం. వెల్డింగు, ఎర్ర రంగు పూసి పగుళ్ల తనిఖీ, తూకం, పౌడర్ పెయింటు, మళ్లీ తూకం.

పెయింటుకు ముందు ఎడమది 1,862 గ్రాములు, కుడిది 1,860. మూడు రోజుల తర్వాత విజయనగరంలో పెయింటు వేయించుకుని తెచ్చారు. కుడిది 1,884 తూగింది. ఎడమది 1,897. కుడిదానికి పెయింటు ఇరవై నాలుగు గ్రాములు పట్టింది, ఎడమదానికి ముప్పై అయిదు. పదకొండు గ్రాములు ఎక్కువ. నాలుగో గడిలో నేను "పెయింటు మందం" అని రాసి సంతకం పెట్టాను. ఆరోజు తూచవలసినవి ఇంకా నలభై ముక్కలున్నాయి.

ప్రదర్శన మార్గశిరంలో పెట్టారు. జిల్లాలో వాడకం మానేసిన పాత రన్‌వే ఒకటుంది, అనుమతి తీసుకుని అక్కడే పరీక్షలు చేసేవాళ్లం. పొడవు రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఒక చివర గేటు, రెండో చివర సిమెంటు అంచు దాటగానే ఉలవ చేను. మా డిజైను తీసుకుని పెద్ద ఎత్తున కార్లు తయారుచేద్దామనుకుంటున్న సంస్థ తరఫున ఇద్దరు చూడటానికి వచ్చారు. ఫొటోలు బయటికి పోకూడదని మా ప్రాజెక్టు చీఫ్ అందరి ఫోన్లూ గేటు దగ్గర పెట్టెలో వేయించారు. డ్రైవరుతో మాట్లాడటానికి కారులో ఉండే రేడియో సెట్టు నేనే తీయించాను. సెట్టు, బ్యాటరీ, తీగలు కలిపి తొమ్మిది వందల గ్రాములు. ప్రకటించిన బరువుతోనే బండి పరిగెత్తాలని నా పట్టుదల. రేడియో లేకపోతే ఏం, జెండాలున్నాయి కదా అన్నాను.

జెండాల నియమాలు రాసింది కూడా నేనే. ఆకుపచ్చ జెండా గేటు వైపు చీఫ్ చేతిలో, అది దిగితే బండి బయలుదేరుతుంది. ఎర్ర జెండా రన్‌వే సగం దగ్గర కూర్చునే నా చేతిలో. ఎర్ర జెండా కనిపిస్తే డ్రైవరు ఏమీ ఆలోచించకుండా బ్రేకు పూర్తిగా తొక్కి అక్కడికక్కడే ఆపాలి. నాకు రెండొందల మీటర్ల అవతల పసుపు బోర్డు. మామూలుగా బ్రేకు వెయ్యవలసిన చోటు అది. అక్కణ్ణుంచి చేను దాదాపు ఎనిమిది వందల మీటర్లు.

మొత్తం నాలుగు పరుగులు. గంటకు ఎనభై, నూట ఇరవై, నూట యాభై, నూట ఎనభై కిలోమీటర్లు. మొదటి మూడింట్లో బ్రేకు నెమ్మదిగా వెయ్యాలి. నాలుగోదాన్లో పసుపు బోర్డు దగ్గర పూర్తిగా తొక్కాలి. వచ్చినవాళ్లు చూడదలచింది అదే.

మంచు ఆరాక తొమ్మిదింటికి మొదలుపెట్టాం. తవిటినాయుడు నీళ్ల సీసా తెచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి పరుగు, రెండో పరుగు చక్కగా జరిగాయి. రమణ నెమ్మదిగా వెనక్కి తిప్పుకుని మా ముందు నుంచి వెళ్తూ, హెల్మెట్ అద్దం పైకెత్తి ఒక మాటన్నాడు. "మేడమ్, బ్రేకు మీద ఎడంపక్క ఏదో సన్నగా టిక్కుమంటంది. రాయేమో." చీఫ్ అవతల నుంచి తొందరపెడుతూ చెయ్యి ఊపారు. రమణ వెళ్లిపోయాడు.

ఎడంపక్క అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఒళ్లో ఉన్న పట్టిక తెరిచాను. ఎడమ ముందు భాగం పేజీ. కింది ఆర్మ్. ప్లస్ పదకొండు. పెయింటు మందం. నా దస్తూరీయే, నా సంతకమే. అప్పుడు తోచింది. రెండు ఆర్మ్‌లూ ఒకే రోజు, ఒకే కొక్కేనికి వేలాడి, ఒకే మనిషి చేతిలో పెయింటు పడ్డాయి. పెయింటుకు కుడి ఎడమల మీద పక్షపాతం ఉండదు. ఆ పదకొండు గ్రాములు పెయింటు కాకపోతే మరేమిటి?

అప్పుడే ఎర్ర జెండా ఎత్తి ఉండాల్సింది. బండి అప్పటికి నిలబడే ఉంది, ఎవరికీ ఏ ముప్పూ లేదు. ఎత్తలేదు. పదకొండు గ్రాములకు, అంటే రెండు చెంచాల పంచదారకు, ప్రదర్శన ఆపిన త్రాసమ్మ అంటారని జంకాను. వచ్చినవాళ్లు మళ్లీ రారేమోనని జంకాను. ముప్పై ఏళ్లుగా ఇతరుల పొరపాట్లు పట్టుకున్న మనిషిని, నా పట్టికలోనే తప్పు రాశానని అందరి ముందూ ఒప్పుకోవడానికి నోరు రాలేదు. మూడో పరుగులో బ్రేకు నెమ్మదిగానే కదా వేస్తాడు, అయ్యాక చూద్దాం అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో పరుగు జరుగుతున్నంతసేపూ జెండా కర్రను చేతిలోంచి కింద పెట్టలేదు. బండి నూట యాభైలో మా ముందు నుంచి దూసుకుపోయింది, అవతల మెల్లగా ఆగింది. వెనక్కి వెళ్తూ రమణ బొటనవేలెత్తి చూపించాడు. ఆ వేలు చూసి, లేవబోతున్నదాన్ని మళ్లీ కూలబడ్డాను.

ఇలా చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ వృత్తి గురించి రాస్తూ ఇది దాచిపెడితే మిగతాదంతా దండగే.

తవిటినాయుడు నా మొహం చూశాడు. "ఏటమ్మా, అలగున్నావు? రాతలో ఏటైనా తప్పిందేటి?" అని అడిగాడు. ఎడమ ఆర్మ్ పదకొండు గ్రాములు ఎక్కువ తూగింది, ఎందుకో తెలియడం లేదు అన్నాను. ఆయన మొహం విప్పారింది. నా దిగులు తీర్చే మాట తన దగ్గరుందన్న సంతోషం అది. ఆ మొహం నేను మర్చిపోలేను.

"ఓస్, దానికా. అది నానేసినదేనమ్మా. దిష్టి టాకా. బయపడకు."

దిష్టి టాకా అంటే ఏమిటని అడిగాను. ఆయన తాపీగా చెప్పాడు. వాళ్ల గురువు నేర్పిన అలవాటట. కొత్త లారీ షెడ్డు దాటే ముందు, ఎడమ ముందు చక్రం దగ్గర, ఎవరికీ కనబడనిచోట ఒక వెల్డింగు టాకా అదనంగా వేస్తారు. చంటిపిల్లకి చెంప మీద చుక్క పెట్టినట్టు. ఘాటీ దిగేటప్పుడు లోయ ఎడంపక్కే ఉంటుంది కాబట్టి ఎడమ చక్రానికే. "మా గుంట ఆయేల అలగ సూసి ఎల్లిందా, నాకు ముద్ద దిగనేదు. మా అల్లుడు కూకునే బండిని ఉత్తినే ఎలగ ఒగ్గెత్తాను? తూకమైనాక, పెయింటుకి ఎల్లకముందే, ఆ గొట్టం సన్నం గదా, దాని మీదే రెండు సుట్లు ఏసినాను. పాత రాడ్డుతోనే ఏసినాను, మీ గ్యాసు వాడనేదు. పైన గ్రైండరు కొట్టి నున్నగా సేసినాను."

లారీ చాసిస్ మందం ఏడెనిమిది మిల్లీమీటర్లు. దానిమీద ఇంకో టాకా ఏనుగు మీద ఈగ. మా గొట్టం మిల్లీమీటరున్నర, పైగా మిశ్రమ ఉక్కు. మామూలు రాడ్డుతో మళ్లీ కాల్చి వదిలేస్తే టాకా పక్కనున్న లోహం చప్పున చల్లారి గాజులా పెళుసెక్కుతుంది. దానిమీద గ్రైండరు పెడితే ఉన్న మందం కూడా పోతుంది. రెండు చుట్లు అంటే గొట్టం చుట్టూ ఉంగరంలా, విరగడానికి గీత గీసి ఇచ్చినట్టు. రమణ విన్న టిక్కు రాయి కాదు. ఇదంతా నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. తల ఎత్తేసరికి అవతల ఆకుపచ్చ జెండా దిగింది.

కిలోమీటరుకు కాస్త తక్కువ దూరం. బండి నా దగ్గరికి రావడానికి ముప్పై సెకన్లు.

ఎర్ర జెండా పట్టుకుని లేచాను. సగం ఎత్తి, దింపేశాను. ఎర్ర జెండా చూస్తే రమణ బ్రేకు పూర్తిగా తొక్కుతాడు. అలా తొక్కమని నియమం రాసింది నేనే. తొక్కగానే ఆ గొట్టం తెగుతుంది, ఎడమ చక్రం కింద పడుకుంటుంది, నూట డెబ్బైలో బండి పల్టీలు కొడుతుంది. జెండా ఎత్తకపోతే రెండొందల మీటర్ల అవతల పసుపు బోర్డు దగ్గర అదే బ్రేకు తొక్కుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న మాట చిన్నప్పట్నుంచీ వింటున్నాను, అందులో నిలబడటం అదే మొదలు. రేడియో ఉంటే ఒక్క మాట చాలు. ఆ తొమ్మిది వందల గ్రాములు షెడ్డులో అల్మారాలో ఉన్నాయి.

"నాయుడూ, వాడు బ్రేకు వేస్తే ఎడమ చక్రం ఊడిపోతుంది. మీ టాకా దగ్గర గొట్టం పగిలింది. బ్రేకు వెయ్యొద్దని ఎలా చెప్పను?" అన్నాను. అరిచానేమో, గుర్తులేదు.

ఆయన ఎందుకని అడగలేదు. నీళ్ల సీసా వదిలేసి, భుజం మీది తువ్వాలు లాగి, రన్‌వే అంచు దాటి లోపలికి నడిచాడు. తువ్వాలును నెత్తి మీద గుండ్రంగా మూడుసార్లు తిప్పి, రెండు చేతులా పట్టుకుని మోకాళ్ల దాకా నెమ్మదిగా దింపాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ దింపాడు. నాకేమీ బోధపడలేదు. బండి హోరు దగ్గరికొస్తోంది. ఆయన అలా తిప్పుతూనే ఉన్నాడు, నోటితో "ముట్టకురా, ముట్టకురా" అంటున్నాడు. ఆ మాట ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ వినబడదు.

బండి ఆయన్ని గజం దూరంలో దాటుకుని పోయింది. గాలికి తువ్వాలు చేతిలోంచి ఎగిరిపోయింది.

నేను పసుపు బోర్డు వైపు చూడలేకపోయాను. కళ్లు మూసుకుని బ్రేకు చప్పుడు కోసం విన్నాను. రాలేదు. దానికి బదులు ఇంజను గొంతు మారింది. ఒక గేరు తగ్గింది, ఇంకొకటి తగ్గింది. కళ్లు తెరిచేసరికి బండి బోర్డు దాటిపోయి సూటిగా పోతోంది. వెనక బ్రేకు దీపం వెలగలేదు. అయినా భయం తగ్గలేదు, రూపు మార్చుకుంది. బ్రేకు లేకుండా, గేర్ల మీదే, ఎనిమిది వందల మీటర్లలో ఆ వేగం చావాలి. మనసు దానంతటదే లెక్క కట్టడం మొదలుపెట్టింది. సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు అని వచ్చింది జవాబు. జీవితంలో మొదటిసారి లెక్కను తిట్టుకున్నాను.

ఇద్దరం పరిగెత్తాం. ఆ వయసులో, చీరలో, దాదాపు కిలోమీటరు ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. బండి చిన్నదైపోతూ, నెమ్మదవుతూ, సిమెంటు అంచు దాకా వెళ్లింది. అంచు దాటి ఉలవ చేనులోకి దిగింది. అప్పటికి దాని వేగం మనిషి పరుగంత ఉంటుందేమో. చేనులో ఇరవై గజాలు వెళ్లాక, నాగలి చాలు ఒకటి తగిలి, ఎడమ ముందు చక్రం లోపలికి మడుచుకుని నేలకు ఒరిగింది. బండి ఒక మూలకు కుంగి ఆగిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

మేం చేరేసరికి రమణ బెల్టులు విప్పుకుని బయటికొచ్చి, హెల్మెట్ చేత్తో పట్టుకుని ఆ చక్రాన్నే చూస్తున్నాడు. తవిటినాయుడు అతని భుజాలు, చేతులు, మెడ తడిమి చూశాడు, ఏ ముక్కైనా తక్కువైందేమోనన్నట్టు. తర్వాత చేలో కూలబడిపోయాడు. రమణ నాతో అన్నాడు. "మావ తువ్వాలు తిప్పితే గాటీయే గుర్తొచ్చినాది మేడమ్. దిగే బండికి చక్రాలకాడ పొగొస్తే, ఎక్కే బండోళ్లు అలగ తిప్పుతారు. బ్రేకు ముట్టకు, గేరు మీద దిగు అని. ఎందుకో తెలీదు గానీ కాలు తీసేసినాను." మామ వైపు తిరిగి, "ఎందుకు మావా?" అని అడిగాడు. నేనే చెప్పాను, ఇద్దరి తప్పూ కలిపి చెప్పాను.

విరిగిన గొట్టాన్ని సాయంత్రం షెడ్డులో భూతద్దం కింద పెట్టి చూశాం. విరిగినచోట మూడొంతులు నల్లగా మాసి ఉంది, అంటే ఆ పగులు పాతది, ముందు రోజుల పరీక్షల్లోనే మొదలై కొంచెం కొంచెంగా పాకింది. మిగిలిన కాస్త, చిటికెన వేలి గోరంత వెడల్పు, తెల్లగా మెరుస్తోంది. పరుగు మొత్తం ఆ గోరంత ఉక్కు మీద జరిగింది.

చీఫ్ తవిటినాయుణ్ణి మర్నాడే పంపించేద్దామన్నారు. ప్రమాద నివేదిక నేను రాశాను. కారణాల గడిలో రెండు వాక్యాలు పెట్టాను. అనుమతి లేని వెల్డింగు ఒకటి. పదకొండు గ్రాముల అదనపు బరువు నమోదై కూడా, వెయిట్ ఇంజనీరు కారణం వెతక్కుండా ఊహించి రాయడం రెండు. పంపిస్తే ఇద్దరినీ పంపించండి అన్నాను. చీఫ్ నివేదిక రెండుసార్లు చదివి, ఇద్దరినీ ఉంచారు. చూడటానికి వచ్చినవాళ్లు రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. అప్పటికి ఆర్మ్ గొట్టం మందం పెంచాం, రేడియో మళ్లీ ఎక్కించాం. మొత్తం బరువు ఆరు వందల యాభై రెండు కిలోలు తేలింది. లక్ష్యం తప్పిందని రాసి సంతకం పెట్టాను.

ఈలోగా ఒక మధ్యాహ్నం తవిటినాయుణ్ణి కూర్చోబెట్టి, ఏ గొట్టం ఎందుకు అంత సన్నమో, దాన్ని ఏం చేస్తే చెడుతుందో మొత్తం చెప్పాను. పది నిమిషాలు అనుకున్నాను గానీ రెండు గంటలు పట్టింది, ఆయన అడిగిన ప్రశ్నలు అలాంటివి. చివర్లో ఒక కొత్త డ్రాయింగు చూపించాను. ఎడమ ముందు చక్రం వెనక, నేల రేకు కింద, ఏ బరువూ మొయ్యని చోట రూపాయి బిళ్లంత ఉక్కు బిళ్ల. దానిమీద ఒక టాకా. పట్టికలో దానికి సొంత వరస, సొంత అంకె, ఆరు గ్రాములు. ఆయన దానిమీద వేలు పెట్టి, "ఇది ఏటీ మొయ్యదు గదమ్మా, దీనికేటి పని?" అన్నాడు. "దిష్టి చుక్క ఏం మోస్తుంది నాయుడూ?" అన్నాను. గౌరికి కూడా చెప్పమన్నాను. ఆ తర్వాత కట్టిన ప్రతి బండికీ ఆ టాకా ఆయనే వేశాడు, నేను తూచి ఎక్కించాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. తేడా కనిపిస్తే దాని పక్క గడిని తోచిన మాటతో నింపకూడదు. తోచిన మాట రాయగానే మనసు ఊరుకుంటుంది, వెతకడం మానేస్తుంది. కారణం దొరికేదాకా ఆ గడిలో "తెలియదు" అని రాసి, బండిని షెడ్డులోనే ఉంచాలి. నేను ఆ మాట మొదటిసారి రాసేనాటికి నా సర్వీసు ముప్పై ఏళ్లు దాటింది.